ఎడమ స్పీకర్ మూగబోయిందా? కార్ట్రిడ్జ్ కొనే ముందు ఆ నాలుగు తీగలు పీకి చూడండి

"రికార్డ్ ప్లేయర్‌కి తక్కువలో మంచి కార్ట్రిడ్జ్ (ముల్లు తొడిగి ఉండే చిన్న డబ్బా, పాటని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఏదండీ?" అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఇప్పుడున్నదానికి ఏమైంది? "సౌండు బాలేదండి" అంటారు. ఎలా బాలేదు, రెండు పక్కలా బాలేదా, ఒక పక్కేనా అంటే తెలీదు. సౌండు చెడడానికి పది కారణాలుంటే కార్ట్రిడ్జ్ పోవడం అందులో ఎనిమిదోదో తొమ్మిదోదో. మనవాళ్లు మొదలెట్టేది మాత్రం అక్కడి నుంచే.

రెండు పక్కలా మసకగా ఉంది, 'స' పలికినచోట బుస కొడుతోంది

ముందు ముల్లు చూడండి. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే చాలు, భూతద్దం అక్కర్లేదు. నా దగ్గరికొచ్చిన వాటిలో సగానికి సగం ముల్లు కింద దూదిపింజంత దుమ్ము వేలాడుతూ ఉంటుంది. విశాఖలో వానలు పట్టాయంటే అట్టకవర్లలోని రికార్డులకు బూజు ఖాయం. ఆ బూజంతా ఊడ్చుకొచ్చేది ముల్లే. మెత్తని బ్రష్‌తో వెనక నుంచి ముందుకు తుడవండి. పక్కలకి తుడిచారో, ముల్లు చేతికొస్తుంది.

తర్వాత బరువు, అంటే ముల్లు రికార్డు మీద మోపే బరువు. రికార్డు అరిగిపోతుందని భయపడి 1 గ్రాముకి పెట్టేవాళ్లున్నారు. అరగదీసేది అదే! బరువు చాలకపోతే ముల్లు గాడిలో కుదురుగా కూర్చోదు, గోడలకు కొట్టుకుంటూ పోతుంది. ఏ కార్ట్రిడ్జ్‌కి ఆ లెక్కే: ఆడియో-టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కి 1.8, ఏటీ3600ఎల్‌కి 2.5 నుంచి 3.5 మధ్య. ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే చెయ్యి) మీది అంకెల్ని నమ్మకండి, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి.

రెండూ సరిగ్గా ఉన్నా బుస పోకపోతే ముల్లు అరిగినట్టే. గుండ్రటి మొనైతే 500 గంటలు, ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన) అయితే 300 గంటలు, వీఎం95 రకాలకు కంపెనీ చెప్పే లెక్క ఇది. ముల్లొక్కటే మార్చుకోండి, కార్ట్రిడ్జ్ మొత్తం అక్కర్లేదు.

సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తోంది

ప్లేయర్ తీగని ఆంప్లిఫైయర్ వెనక ఆక్స్ అని రాసున్నచోట గుచ్చారు. ఫోనో అని రాసున్నచోట గుచ్చండి.

గుయ్‌మని హమ్

ప్లేయర్ వెనకున్న సన్నటి గ్రౌండ్ తీగ ఆంప్లిఫైయర్‌కి బిగించలేదు.

ఒక పక్క వస్తుంది, పోతుంది, గరగరలాడుతుంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. వీడి చేతిలో నేను రెండు కార్ట్రిడ్జ్‌ల డబ్బు పోగొట్టుకున్నాను.

అప్పట్లో మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. పొద్దున్నే పాట పెడితే ఎడమ పక్క గొంతు లేదు. మధ్యాహ్నం ఎండెక్కాక దానంతటదే వచ్చేది. కార్ట్రిడ్జ్ పోయిందనుకుని కొత్తది వేశాను. అద్భుతం! రెండున్నర నెలలు హాయిగా పాడింది, తర్వాత మళ్లీ అదే రోగం. నాసిరకం అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిట్టుకుని వేరే కంపెనీది వేశాను. మళ్లీ అద్భుతం, మళ్లీ రెండు నెలలే. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులుంటాయి, వాటికి నాలుగు సన్నటి తీగలు చిన్న క్లిప్పులతో తొడిగి ఉంటాయి. మూడోసారి తెల్ల తీగ క్లిప్పు పీకి దీపం కింద పెడితే, లోపల రాగిచెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము.

కిటుకేమిటంటే, కొత్త కార్ట్రిడ్జ్ బిగించాలంటే ఆ నాలుగు క్లిప్పులూ పీకి కొత్త పిన్నులకి ఎక్కించాలి. ఆ రాపిడికి చిలుము గీరుకుపోయి కాంటాక్ట్ దొరుకుతుంది. రోగం కుదిర్చింది రాపిడి, పేరు కొట్టేసింది కొత్త కార్ట్రిడ్జ్. అయస్కాంతంతో పనిచేసే ఈ తరహా కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేదే 4, 5 మిల్లీవోల్టులు. ఉప్పుగాలి పెట్టిన పల్చటి పొర చాలు దాన్ని ఆపడానికి. పోయిందని పక్కన పడేసిన మొదటి కార్ట్రిడ్జ్ ఎంవీపీ కాలనీలో మా మేనల్లుడి ఇంట్లో ఇప్పటికీ పాడుతోంది.

మీరు ఇలా చూడండి. ఆంప్లిఫైయర్ వెనక ఎరుపు, తెలుపు ఆర్సీఏ జాక్‌లు అటుదిటు మార్చండి. మూగపక్క మారలేదంటే తప్పు ఆంప్లిఫైయర్‌దో స్పీకర్‌దో, ప్లేయర్ జోలికి పోకండి. మారిందంటే హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ బిగించే ముక్క) దగ్గరికి రండి. తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. పీకేముందు ఫోటో తీసుకోండి, తర్వాత గుర్తుండదు. కార్ట్రిడ్జ్ పిన్నుల దగ్గర తెలుపు స్థానంలో ఎరుపు, నీలం స్థానంలో ఆకుపచ్చ వచ్చేలా తిరగేయండి. మూగతనం రెండో స్పీకర్‌కి దూకితే కార్ట్రిడ్జే దోషి. ఉన్నచోటే ఉంటే దోషం తీగల్లో. పీకి పెట్టడంతోనే రెండు పక్కలా పాడిందనుకోండి, సంబరపడకండి, చిలుమే అది. శుభ్రం చేయకపోతే తిరిగొస్తుంది.

శుభ్రం చేయడం అరగంట పని. కరెంటు తీసేసి, ముల్లుకి తొడుగు పెట్టండి. ట్వీజర్‌తో క్లిప్పు లోహాన్నే పట్టుకోండి. తీగ పట్టి లాగితే తెగి చేతికొస్తుంది. మొబైల్ రిపేరు షాపులవాళ్లు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్) దూదిపుల్లకి అద్ది పిన్నులు తుడవండి, టూత్‌పిక్ మొనకి అద్ది క్లిప్పు లోపల తిప్పండి. క్లిప్పు వదులైతే అదే టూత్‌పిక్ దూర్చి పైనుంచి కాస్త నొక్కండి, బిగువు వస్తుంది. పిన్నుకి సోల్డరింగ్ ఇనుము తగిలించారో, లోపలి కాయిల్‌కి (సన్నటి తీగచుట్టకి) తిలోదకాలే. హెడ్‌షెల్ ఊడదీసే రకమైతే ఆర్మ్‌కి తగిలే చోట నాలుగు కాంటాక్టులుంటాయి, వాటినీ తుడవండి. జనం ఇది మర్చిపోతారు. క్లిప్పు నల్లబడి తినేసినట్టుంటే నాలుగు తీగల సెట్టే మార్చేయండి.

బీచ్ వైపు ఇళ్లవాళ్లు జూన్‌లో ఒకసారి, తుపాన్లు పోయాక డిసెంబర్‌లో ఒకసారి ఈ పని పెట్టుకోండి.

నిజంగానే కార్ట్రిడ్జ్ పోతే

కాయిల్ తెగడం అరుదు. ఎడమ జత పిన్నులకీ, కుడి జతకీ మల్టీమీటర్ పెడితే రెండు పక్కలా దాదాపు ఒకే ఓమ్‌లు రావాలి, లేకపోతే పోయినట్టే.

కొనడానికి నా ఓటు వీఎం95కే. గీతలు పడ్డ పాత హెచ్ఎంవీ రికార్డులే ఎక్కువైతే గుండ్రటి మొన ఉన్న 95సీ, మంచి రికార్డులుంటే 95ఈ. బాడీ ఒకటే, రేపు డబ్బులున్నప్పుడు ఇంకా మంచి ముల్లు దానికే తొడుక్కోవచ్చు. 2ఎం రెడ్ బాగుంటుంది, సౌండు కూడా కొంచెం గట్టిగా వస్తుంది. నాకైతే ఆ తేడాకి అంత డబ్బు దండగ. సూట్‌కేసు ప్లేయర్లలోనూ తాతల నాటి పెట్టెల్లోనూ ఎక్కువగా సిరామిక్ అనే వేరే రకం కార్ట్రిడ్జ్ ఉంటుంది. వాటికి ఇవేవీ పనికిరావు, వాటి ముల్లే మార్చుకోండి.

78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు) ఉన్నవాళ్లకి ఎల్పీ ముల్లు వద్దు. వాటి గాడి చాలా వెడల్పు. అదే వీఎం95 బాడీకి 95ఎస్పీ ముల్లు దొరుకుతుంది, 5 గ్రాముల బరువు పెట్టాలి. ఇంకోటి: చేతిలో ఐపీఏ సీసా ఉంది కదా అని ఆ ప్లేట్లు దాంతో తుడవకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి.