గోథిక్ నవలలో ముందుగా ఇంటిని చదవాలి

అమలాపురంలోనో పాలకొల్లులోనో ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థి చేతికి మొదటిసారి ఒక గోథిక్ ఫాంటసీ నవల, అంటే పాత భవనం, దాని రహస్యాలు, భయం, మాయ కలిసిన కథ, వచ్చినప్పుడు తరచుగా జరిగేది ఇదే. మొదటి యాభై పేజీల్లో చెప్పుకోదగిన సంఘటన ఏదీ ఉండదు. పాత భవనం, గోడల మీది చెమ్మ, ఎవరూ ఎక్కని మెట్లు, తాళం వేసి ఉన్న గది, వీటి వర్ణన మాత్రం సాగుతూనే ఉంటుంది. కథ ఎప్పుడు మొదలవుతుందా అని విసిగిపోయి ఆ విద్యార్థి పేజీలు దాటవేస్తాడు, ఆపై నవల సగానికి వచ్చేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ తలుపు వెనుక ఏముందో తెలియక పుస్తకాన్ని పక్కన పెట్టేస్తాడు. నిజానికి అతడు దాటవేసిన పేజీల్లోనే కథ ఉంది. ఈ తరహా నవలకు ఇల్లే ప్రధాన పాత్ర. యువ పాఠకుల కోసం రాసిన ఫాంటసీలోనూ ఈ లక్షణం మారలేదు.

ఈ సాహిత్యం పుట్టుకను ఒకసారి చూస్తే, దీనిని ఎలా చదవాలో సగం తెలిసిపోతుంది. హొరేస్ వాల్పోల్ అనే ఆంగ్ల రచయిత 1764 చివర తన నవలను సొంత పేరు దాచి, ఒక పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదమని చెప్పి ప్రచురించాడు. మరుసటి ఏడాది రెండో ముద్రణలో రచయితను తానేనని ఒప్పుకొని, శీర్షిక కింద ‘గోథిక్ కథ’ అని చేర్చాడు. ఆ కథలో ఆకాశం నుంచి ఊడిపడే పెద్ద శిరస్త్రాణం, చిత్రపటంలో నుంచి దిగి నడిచే తాత వంటి వింతలు ఎన్ని ఉన్నా, వాటన్నిటి అడుగున ఉన్నది ఒక విషప్రయోగం, ఒక దొంగ వీలునామా. అసలు యజమానిని చంపి, అతడి పేర వీలునామా కల్పించి, కోటను కాజేసిన మనిషి మనుమడే ఆ కథలో ప్రభువు. దీని నుంచి పాఠకుడు రెండు ప్రశ్నలను తనతో తీసుకువెళ్లాలి: ఈ కథను ఎవరు చెబుతున్నారు, ఈ ఇల్లు నిజంగా ఎవరిది? రెండున్నర శతాబ్దాల తరువాత రాసిన నవలకూ ఈ ప్రశ్నలే తాళంచెవులు.

రెండో ప్రశ్న విషయంలో గోదావరి డెల్టా పాఠకుడికి ఒక అనుకూలత ఉంది. అన్నదమ్ముల పంపకాలు, దత్తత తగాదాలు, చేతులు మారిన లంక భూములు, పెద్దాయన పోయిన తరువాత బయటపడిన కాగితం, ఇవన్నీ ఇక్కడి ఇళ్లలో పిల్లలు వింటూ పెరిగే మాటలే. దయ్యం కనబడగానే భయపడడంతో ఆగిపోకుండా, ఆ దయ్యానికి ఈ ఆస్తిలో వాటా ఏమిటని అడగగలిగితే నవల వెంటనే లోతుగా తెరుచుకుంటుంది.

అందువల్ల చదవడం మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మొదటి అధ్యాయాల్లో ఇంటి గురించి వచ్చే ప్రతి వివరాన్నీ పటంగా గీయండి: ప్రధాన ద్వారం ఏ వైపుంది, మెట్లు ఎక్కడికి వెళతాయి, కథానాయిక గది ఎవరి గదికి ఎదురుగా ఉంది, ఏ అంతస్తుకు వెళ్లవద్దని ఆమెకు చెప్పారు. కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ ఇంకా నిలిచి ఉన్న మండువా లోగిళ్లను చూసినవారికి ఈ పని సులువు. అయితే ఒక తేడాను గుర్తుంచుకోవాలి. మండువా లోగిలిలో నడుమ ఆకాశం కనిపిస్తుంది, చుట్టూ వసారాలు ఉంటాయి, ఒక గదిలో నుంచి మరొక గదిలోకి వెళ్లే మనిషి మండువాలో కూర్చున్నవారి కంట పడక తప్పదు. గోథిక్ భవనంలో సాధారణంగా అటువంటి నడిమి చోటు ఉండదు. పొడవాటి నడవాలు, వంపు తిరిగే మెట్లు, నేలమాళిగలు మనిషిని మనిషికి కనబడకుండా చేస్తాయి. ఎవరు ఎవరిని చూడగలరు, ఎవరు ఎవరి కంట పడకుండా తిరగగలరు అన్నది మీ పటంలో స్పష్టమైతే, కథలోని దోషి మీకు చాలా ముందుగానే అనుమానాస్పదంగా కనిపిస్తాడు. తాళాల గుత్తి ఎవరి నడుముకు ఉందో కూడా ఒక మూల రాసుకోండి. ఇంటి యజమాని వేరు, తాళాలు ఉన్న మనిషి వేరు అయిన నవలలే నాకు ఎక్కువ ఇష్టం. అధికారం ఎవరి చేతిలో ఉందో అటువంటి నవలల్లో రచయిత మాటల్లో చెప్పడు, చూపిస్తాడు.

కాగితం రెండో వైపున వంశవృక్షం వేయండి. ఒక ఊహా కథను తీసుకుందాం. తల్లి పోయిన పదహారేళ్ల అమ్మాయి, ఎన్నడూ చూడని మేనమామ ఉండే సముద్రతీర భవనానికి వస్తుంది. భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీని ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. మేడ మీద వరుసగా వేలాడుతున్న చిత్రపటాల్లో ఒక చోట గోడ రంగు వేరుగా ఉంటుంది. పనివారు ఆమెను మొదటిసారి చూసి ఉలిక్కిపడతారు. ఈ మూడు వివరాలూ మూడు వేర్వేరు అధ్యాయాల్లో, వేరే మాటల నడుమ, ఎంతో మామూలుగా వస్తాయి. వంశవృక్షంలో తల్లికి ఒక అక్క ఉండి ఉండవచ్చునని చుక్కల గీత వేసుకున్న పాఠకుడు రచయితతో సమానంగా నడుస్తాడు. చనిపోయినవారి పేర్ల పక్కన వారు చనిపోయిన వయసు రాయడం మరవకండి. ప్రతి తరంలోనూ ఒకే వయసులో ఒకరు పోతున్నారంటే, మాయకు సంబంధించిన ఒప్పందం ఏదో అక్కడ దాగి ఉందన్న మాట.

ఫాంటసీ భాగాన్ని చదివే పద్ధతి కొంత వేరు. మాయకు నియమాలు ఉంటాయి, వెల కూడా ఉంటుంది. ఎవరు మంత్రం వేయగలరు, దేనితో వేస్తారు, దానికి బదులుగా ఏమి పోతుంది అన్నవి కనబడినప్పుడల్లా రాసుకోండి. మంచి నవలలో ఆ వెలను ఇంటిలో బలహీనులైన వారు చెల్లిస్తూ ఉంటారు, లాభం మాత్రం పెద్దలకు చేరుతుంది. ముగింపులో అంతవరకు చెప్పని కొత్త శక్తి హఠాత్తుగా వచ్చి అందరినీ కాపాడితే, అది రచయిత లోపమని నిస్సంకోచంగా అనుకోవచ్చు.

భయం గురించి ఆంగ్ల గోథిక్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ చెప్పిన మాట ఇప్పటికీ పాఠకుడికి ఉపయోగపడుతుంది. ఆమె మరణించిన మూడేళ్లకు, 1826లో అచ్చయిన వ్యాసంలో ఆమె భయాన్ని రెండుగా విడదీశారు: కనబడనిదానిని ఊహించుకున్నప్పుడు కలిగే భయం మనసును విశాలం చేసి ఇంద్రియాలను మేల్కొలుపుతుందని, దారుణం కళ్లెదుట నిలిచినప్పుడు కలిగే భీతి వాటిని గడ్డకట్టిస్తుందని ఆమె భావం. మొదటి రకం పేజీలను నెమ్మదిగా, వీలైతే పైకి చదవండి. వాక్యాల లయలోనే అక్కడ భయం ఉంటుంది. రెండో రకం పేజీలు వచ్చినప్పుడు వేగంగా దాటినా నష్టం లేదు. ఆమె సొంత నవలల్లో వింతలకు చాలావరకు చివర సహజ కారణాలు దొరుకుతాయి. నేటి ఫాంటసీలో దయ్యం నిజంగానే దయ్యం కావచ్చు. మీరు చదువుతున్న పుస్తకం ఈ రెండు దారుల్లో దేనిని ఎంచుకుందో సగం పుస్తకంలోపు తేల్చుకోగలిగితే మంచిది.

వాతావరణ వర్ణనలు మన పాఠకులను కొంత ఇబ్బంది పెడతాయి. పొగమంచు కమ్మిన బీడు కొండలు, మంచు కురిసే రాత్రి, నిప్పుగూటి వెచ్చదనం మనం చూసినవి కావు. వాటి స్థానంలో మనకు తెలిసిన దృశ్యాన్ని పెట్టుకోవడంలో తప్పు లేదు. శ్రావణంలో ఎర్రనీరు వచ్చి, కాజ్‌వే మునిగి, లంక గ్రామానికి పడవ తప్ప దారి లేని రోజులు తెలిసినవారికి, బయటి ప్రపంచంతో తెగిపోయిన భవనంలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో విడమరచి చెప్పనక్కరలేదు. తుఫాను విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నవలలో గాలివాన సాధారణంగా పాత్రల మనఃస్థితికి గుర్తుగా వస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమను తాకి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన తుఫాను ఎవరి మనఃస్థితికీ గుర్తు కాదు. ఆ రాత్రిని చూసిన పెద్దలు ఇంట్లో ఉంటే, ఆ అధ్యాయం చదివిన తరువాత వారిని అడిగి తెలుసుకోండి. రచయిత ఎక్కడ నిజంగా గాలిని విని రాశాడో, ఎక్కడ అలవాటుగా ఉరుములు పెట్టాడో మీకు వెంటనే తెలుస్తుంది.

ప్రేమకథ దగ్గర పాఠకులు, ముఖ్యంగా అమ్మాయిలు, తమ వివేకాన్ని వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఈ నవలల్లో నల్లని దుస్తులు వేసుకుని, మితంగా మాట్లాడుతూ, గతంలో ఏదో గాయం ఉన్నట్టు కనిపించే యువకుడు తరచుగా ఉంటాడు. వర్ణన అతడిని ఆకర్షణీయుడిగా చూపుతుంది. మీరు వర్ణనను కాసేపు పక్కన పెట్టి, అతడు చేసిన పనులను మాత్రం వరుసగా చూడండి: ఆమె వద్దన్నప్పుడు ఆగాడా, ఆమె ఉత్తరాలను చదివాడా, ఆమెకు తెలియవలసిన నిజాన్ని ఎంతకాలం దాచాడు. మంచి రచయిత ఈ పరీక్షకు సిద్ధపడే రాస్తాడు; కథానాయిక చివరకు అతడిని ఎంచుకున్నా, వదిలివేసినా, అది కళ్లు తెరుచుకుని చేసిన పనిగా ఉంటుంది.

భాష కష్టమనిపిస్తే ప్రతి పదానికీ నిఘంటువు తెరవకండి. ఇంటి భాగాల పేర్లు, బంధుత్వాల పేర్లు తెలుసుకుంటే చాలు, మిగిలినవి సందర్భాన్ని బట్టి అర్థమవుతాయి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ పుస్తకాలు సాధారణంగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వారి కోసం రాసినవే అయినా, మరణం, హింస, ఆత్మహత్య ఆలోచనల వంటివి కొన్నిటిలో ఉంటాయి. పుస్తకాన్ని లాక్కోవడం కన్నా ముందుగా మీరే కొన్ని అధ్యాయాలు చదవడం మేలు. ఇటీవల ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, ఆ బాధ తగ్గేవరకు ఇటువంటి నవలను వాయిదా వేయమని పిల్లలకు నచ్చజెప్పండి.

నలుగురు కలిసి చదివితే ఈ నవల మరింత బాగుంటుంది. ఊరి శాఖా గ్రంథాలయంలో ఆదివారం పూట ముగ్గురు నలుగురు కూర్చుని, పుస్తకంలో మూడు వంతులు పూర్తయ్యాక అందరూ ఆగిపోవాలి. రహస్యం ఏమిటి, ఇల్లు ఎవరిది, చివరికి ఏమవుతుంది అన్నవి ఒక్కొక్కరూ చీటీ మీద రాసి, ఎవరికీ చూపకుండా గ్రంథాలయాధికారి దగ్గర ఉంచండి. నవల ముగించాక చీటీలు తెరిచి, ఎవరి ఊహ నిజమైందో చూడడంతో ఆపకుండా, తప్పిన ఊహకు కారణమైన పేజీని వెతకండి. రచయిత పాఠకుడిని కావాలని దారి మళ్లించిన చోటు అక్కడే దొరుకుతుంది. ఆ తరువాత మొదటి అధ్యాయాన్ని ఒకరు పైకి చదవగా మిగిలినవారు తాము గీసిన పటాన్ని ముందు పెట్టుకుని వినాలి, కథకుడు ఏ గదిని ప్రస్తావించకుండా దాటాడో ఆ గది మీద గుర్తు పెట్టాలి.