నోటిపూత ఉన్నప్పుడు జ్ఞానదంతం తీయించుకోవాలంటే

నోరు పూసిందని జ్ఞానదంతం తీయించుకోవడం మానుకోనక్కర్లేదు. ఆ పుండు ఏ రకందో, ఎక్కడుందో చూసుకోవాలి. పెదవి లోపల, బుగ్గ మీద, నాలుక అంచున గుండ్రంగా, మధ్యలో పసుపు తెలుపుగా, చుట్టూ ఎర్రగా ఉంటే మామూలు పూతే. 7 నుంచి 14 రోజుల్లో మానిపోతుంది. చిగురు వాచి చీము పట్టిన పన్నును దీనికోసం వాయిదా వేయడం మంచిది కాదు. తొందరలేని పన్నైతే పూత తగ్గేదాకా ఆగడమే సుఖం. డాక్టరు బుగ్గను పక్కకి లాగి పట్టుకున్నప్పుడు పుండు ఒరుసుకుని ఇంకా పెద్దదవుతుంది.

పెదవి మీద నీటిపొక్కులున్నా, జ్వరంతో నోరంతా పూసినా అవి తగ్గాకే వెళ్లండి. 3 వారాలు దాటినా మానని పుండును ముందు చూపించుకోవాలి, ముక్క పరీక్ష (బయాప్సీ) అవసరం కావచ్చు. గుట్కా, ఖైనీ, వక్క అలవాటుండి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే అదీ ముందే చెప్పాలి. కీళ్లవాతం వంటివాటికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఆ మందు వల్లే నోరు పూయవచ్చు. ఇంకొకటి: పై జ్ఞానదంతం బుగ్గవైపు వాలి ఉంటే నమిలినప్పుడల్లా ఒకేచోట కొరుకుడు పడి పుండవుతుంది. ఆ పుండుకు మందు పన్ను తీయడమే.

పూర్తి మత్తు కాకుండా, ఆ చోటు మాత్రమే మొద్దుబారే ఇంజెక్షన్‌తోనే తీస్తుంటే ఏదైనా తిని వెళ్లండి. పెదవులకు వాజిలిన్ రాయించుకోండి, పుండ్లు ఎక్కడున్నాయో కుర్చీలో కూర్చోగానే వేలితో చూపించండి. సూది పుండులోంచి పోకుండా చూస్తారు. నోట్లో పెట్టిన దూది ఎండి అతుక్కున్నాక లాగితే పొర ఊడొస్తుంది, తడిపి తీయమనండి.

అసలు చిక్కు ఆ తర్వాతే. పూతకు పుక్కిలిస్తే హాయి. కానీ పన్ను గుంటలో గడ్డకట్టిన రక్తానికి అది శత్రువు. డాక్టరు గుంటమీద పెట్టే గాజ్ గుడ్డను 30 నుంచి 45 నిమిషాలు కదలకుండా కొరికి పట్టండి. తొలి 24 గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు, పొగ తాగకూడదు. పూత మండితే ట్రయామ్సినలోన్ (స్టెరాయిడ్ మందు) 0.1 శాతం పేస్టు ఉంది: పుండును దూదితో అద్ది తడి లేకుండా చేసి, పడుకోబోయే ముందు చిన్న చుక్క పెట్టి వదిలేయాలి, రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది. పన్ను తీసిన గుంటలోకి మాత్రం పోనివ్వకూడదు. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయండి, రోజుకు 4, 5 సార్లు. మత్తు దిగేదాకా ఏమీ నమలకండి. మొద్దుబారిన పెదవిని తెలియక కొరుక్కుంటే కొత్త పుండు గ్యారంటీ.

తిండి చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలల్లో నానిన ఇడ్లీ. పప్పు తినొచ్చు గానీ తాలింపు వద్దు, ఆవగింజలు గుంటలో ఇరుక్కుంటాయి. ఆవకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు.

కుట్టు కొసలు గుచ్చుకుని బుగ్గకు కొత్త పుండు పడితే కత్తిరించమని అడగండి. పూత మంట తాకితేనే తెలుస్తుంది. 2 నుంచి 4 రోజుల మధ్య దవడ లోతుల్లోంచి పొడుచుకొచ్చి చెవిదాకా పాకే నొప్పి, దుర్వాసన ఉంటే అది డ్రై సాకెట్, అంటే గుంటలో రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడడం. మాత్రలతో సరిపెట్టకుండా వెళ్లి గుంట కడిగించి మందు పెట్టించుకోవాలి.