మోటారు కొనే ముందు బోరుని కొలవండి

మోటారు షాపులో మొదట అడిగేది "బోరు ఎన్ని అడుగులు?" అనే. రెండొందలు అని చెప్తాం, ఒకటిన్నర హెచ్‌పీ చేతిలో పెడతారు. విశాఖ గోపాలపట్నంలో మా ఇంటికి అలాగే తెచ్చాం. రెండో వేసవికే, మే నెలలో, బోరులో నీళ్లు మోటారు కిందికి దిగిపోయి అది ఉత్తినే తిరిగి తిరిగి వైండింగ్ మాడిపోయింది. పైకి లాగి చూస్తే కేబులు జాయింట్ దగ్గర టేపు కరిగి నల్లగా ముద్దకట్టి ఉంది. బోరు ఊటకి మించిన మోటారు వేయడం వల్లే అలా అయింది. ఆ ఖర్చు ఇంకెవరికీ పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

విశాఖలో చాలా చోట్ల కింద ఉన్నది ఖోండలైటు రాయి. పైన మెత్తబడిన పొర, దాని కింద గట్టి రాయి, ఆ రాతి పగుళ్లలోంచి వచ్చేదే మన ఊట. అందుకే పక్కింటి బోరు లెక్క మనకి పనికిరాదు. బోరు వేసినవాళ్లు "రెండించుల నీళ్లు పడ్డాయి" అన్నది కూడా ఆ రోజు కంప్రెసర్ గాలితో తన్నినప్పటి మాట. మీరే కొలుచుకోండి, వీలైతే వేసవిలో. సన్నని తాడుకి బరువైన నట్టు కట్టి బోరులోకి వదిలితే తడిసిన చోటుని బట్టి నీటి మట్టం తెలుస్తుంది. తర్వాత పాత మోటారో, అద్దె మోటారో ఒక గంట ఆడించి, ధార సన్నబడి నిలకడగా అయ్యాక ఇరవై లీటర్ల బకెట్ పెట్టి టైము చూడండి. 40 సెకన్లలో నిండితే మీ ఊట నిమిషానికి 30 లీటర్లు. ఆ సమయానికి మట్టం ఎంత దిగిందో అదే అసలు లోతు.

ఇక హెడ్ లెక్క, అంటే మోటారు నీళ్లని మొత్తం ఎంత ఎత్తుకి తోయాలో. మోటారు ఆడుతున్నప్పుడు నీళ్లు 110 అడుగుల్లో ఉన్నాయి, మేడ మీద ట్యాంకు నేల నుంచి 40 అడుగుల ఎత్తు, పైపుల్లో పోయే ఒత్తిడికి ఇంకో పదిహేను వేసుకుంటే మొత్తం 165 అడుగులు, అంటే 50 మీటర్లు. షాపులో కేటలాగ్ అడిగి, 50 మీటర్ల దగ్గర ఏ పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో చూసి, ఆ అంకె మీ ఊట కంటే తక్కువున్నదే తీసుకోండి. మామూలు ఇంటికి చాలాసార్లు ఒక హెచ్‌పీ సరిపోతుంది. ఇప్పటికే పెద్దది దించేసి ఉంటే డెలివరీ పైపు గేటు వాల్వు కొంచెం తిప్పి ధార తగ్గించుకోండి. స్టార్టర్ బాక్సులో డ్రై రన్ రక్షణ మాత్రం తప్పనిసరి, నీళ్లు అయిపోగానే ఆంపియర్లు పడిపోవడం చూసి అదే మోటారు ఆపేస్తుంది. మోటారుని బోరు అడుగుకి ఆనించవద్దు, బురద లాగుతుంది.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువ లాగే కొద్దీ ఉప్పునీరు లోపలికి జరుగుతుంది, ఒకసారి బోరు ఉప్పబడితే మళ్లీ తియ్యబడటం చాలా కష్టం. ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) చూపించుకుని, నీళ్లు ఉప్పగా ఉంటే ఉప్పుకి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బాడీ అడగండి.

ఇక ప్రెషర్. ట్యాంకు అడుగు షవర్ కంటే పది అడుగులే పైన ఉంటే వచ్చేది 0.3 బార్, పై అంతస్తులో నీళ్లు జాలువారతాయి తప్ప కొట్టవు. దీనికి బోరు మోటారుని పెంచడం తప్పు. బోరు పని ట్యాంకు నింపడం వరకే, నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్‌తో. కుళాయిల కోసం ట్యాంకు పక్కనే అర హెచ్‌పీ ప్రెషర్ పంపు విడిగా పెట్టండి.

దానికి కంట్రోల్ రెండు రకాలు. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ చవక, చోటు తక్కువ, నీళ్లు లేకపోతే ఆగిపోతుంది కూడా, కానీ ఒక్క కుళాయి కారుతున్నా మోటారు ఆన్, ఆఫ్ అంటూనే ఉంటుంది. నేనైతే ప్రెషర్ స్విచ్, 24 లీటర్ల ప్రెషర్ ట్యాంకే పెట్టుకోమంటాను. స్విచ్ 20 పీఎస్ఐ (ఇదీ బార్ లాగే ఒత్తిడి కొలత) దగ్గర ఆన్, 40 పీఎస్ఐ దగ్గర ఆఫ్ అయ్యేలా పెడితే మోటారు లేవకుండానే ఏడెనిమిది లీటర్లు వస్తాయి. ప్రెషర్ ట్యాంకులో నీళ్లు పూర్తిగా వదిలేశాక సైకిల్ పంపుతో 18 పీఎస్ఐ గాలి పట్టించాలి, ఆన్ అయ్యే అంకెకి రెండు తక్కువ. చాలామంది ప్లంబర్లు ఇది చెయ్యరు, పక్కన నిలబడి చేయించుకోండి. కొన్నాళ్లకి మోటారు టకటకా కొట్టుకోవడం మొదలైతే గాలి వాల్వు పిన్ను నొక్కి చూడండి: గాలి వస్తే మళ్లీ నింపితే చాలు, నీళ్లు వస్తే లోపలి రబ్బరు సంచి చిరిగినట్టే.

మన ఉప్పుగాలికి స్విచ్ కాంటాక్టులు తొందరగా పచ్చబడతాయి. మూత గట్టిగా పట్టే బాక్సులో, వైరు కింది వైపు నుంచి వెళ్లేలా, వాన తగలని గోడకి బిగించండి.

అంతా అమర్చాక కుళాయిలన్నీ కట్టేసి అరగంట చూడండి. ఆ అరగంటలో ప్రెషర్ పంపు దానంతట అది లేస్తే ఎక్కడో లీకుంది, లేదా ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు) పట్టడం లేదు, ప్లంబర్ డబ్బులు తీసుకుని వెళ్లేలోపే తేల్చుకోండి.