ప్రీకాస్ట్ స్లాబులు వేస్తున్నారా? పరిచిన దాని మీద సరుకు దించకండి

మొన్న సిటీ శివార్లలో ఒక సైట్‌లో అప్పుడే పరిచిన ప్రీకాస్ట్ (ముందే వేరేచోట పోసి తెచ్చిన) స్లాబు విరిగి కిందికొచ్చిన వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. లంచ్ టైమ్ కావడంతో కింద ఎవరూ లేరు. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు ఫ్లోర్లు లేపేయాలని పటాన్‌చెరు నుంచి శంషాబాద్ దాకా అందరూ ఉరుకుల మీద ఉన్నారు, అందుకే ఇప్పుడు రాస్తున్నా. హెల్మెట్, బూట్లు, బెల్టు సంగతి మీ సేఫ్టీ ఆఫీసర్ రోజూ పొద్దున చెప్తూనే ఉంటాడు, నేను చెప్పను.

ముందు బేరింగ్, అంటే స్లాబు చివర బీమ్ మీద ఆనే కొలత. ప్రీకాస్ట్ కట్టడాల ఇండియన్ స్టాండర్డ్ ఐఎస్ 15916 ప్రకారం స్లాబు అంచు కాంక్రీటు లేదా స్టీలు బీమ్ మీద కనీసం 75 ఎంఎం, ఇటుక గోడ మీద 100 ఎంఎం కూర్చోవాలి. స్లాబు ఎత్తకముందే రెండు బీమ్‌ల మీదా ఆ కొలతకి సుద్దతో గీత కొట్టించండి. దించాక గీత కనిపిస్తోందంటే స్లాబు చాల్లేదని అర్థం. మనవాళ్లు గడ్డపార పెట్టి ఈ చివర జరుపుతారు, ఇక్కడ గీత మూసుకుంటుంది, అవతలి చివర ఎంత బయటికి జారిందో ఎవరూ చూడరు. రెండు చివరలా మనిషి నిలబడి చూసి సరే అన్నాకే హుక్కు వదలాలి.

స్లింగు (స్లాబుని క్రేన్ హుక్కుకి కట్టే తాడు) కోణం కూడా చూడండి. రెండు టన్నుల స్లాబుని రెండు స్లింగులతో ఎత్తుతుంటే, స్లింగు స్లాబుతో 60 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు ఒక్కోదాని మీద 1.15 టన్నులు పడుతుంది. 30 డిగ్రీలకి దిగితే ఒక్కోదాని మీదా రెండేసి టన్నులు.

ఇక అసలు విషయం. పరిచిన స్లాబు మీద సరుకు దించడం. నేను చూసినంతలో మనుషుల్ని ముంచింది ఇదే. పైనుంచి చూస్తే ఫ్లోర్ తయారైపోయినట్టే ఉంటుంది, కానీ జాయింట్లలో గ్రౌట్ (సందులు నింపే సిమెంటు మిశ్రమం) పోసి అది గట్టిపడేదాకా అది ఫ్లోర్ కాదు, పక్కపక్కన పెట్టిన విడి పలకలు. ఒకదాని మీద పడ్డ బరువు పక్కదానికి పోదు. క్రేన్ మళ్లీ దొరకదని మేస్త్రీ వచ్చి "సార్, రెండే రెండు స్లాబులు, సాయంత్రానికి తీసేస్తాం" అంటాడు. లెక్క చూడండి: 200 ఎంఎం మందం, 1.2 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవున్న హాలోకోర్ (లోపల గొట్టాల్లా బోలుగా ఉండే) స్లాబు ఇంచుమించు రెండు టన్నులు, అంటే చదరపు మీటరుకి 270 కిలోల పైమాటే. రెండు పేర్చితే 540 దాటింది. ఇంటి ఫ్లోర్ మీద మనుషులకీ సామానుకీ కోడ్ పట్టే లెక్క 200 కిలోలు, దానికి టైల్స్, ఫినిషింగ్ బరువు కలిపినా అక్కడిదాకా రాదు. రాడ్లూ అంతే. 12 ఎంఎం రాడ్ 12 మీటర్లది ఒక్కటి పదిన్నర కిలోల పైనే ఉంటుంది, వంద రాడ్ల కట్ట టన్ను దాటేస్తుంది, అదంతా ఒకటి రెండు పలకల మీదే పడొచ్చు. సాయంత్రం దాకా కాదు, పది నిమిషాలకీ ఒప్పుకోకండి. డిజైన్ ఇంజనీర్ డ్రాయింగ్ మీద రాసిస్తే తప్ప పరిచిన స్లాబు మీద సరుకు దించొద్దు.

మిగతావి వరుసగా:

బీమ్‌కి ఒకే పక్క స్లాబులు పరుచుకుంటూ పోకండి, బీమ్ మెలి తిరుగుతుంది. రెండు పక్కలా మార్చి మార్చి వేయండి, లేదంటే డ్రాయింగ్‌లో ఉన్న చోట ప్రాప్స్ (కింద ఆసరాగా నిలబెట్టే తాత్కాలిక స్తంభాలు) పెట్టాకే మొదలుపెట్టండి.

పక్క ఫ్లోర్‌కి అవసరమని చెప్పి ప్రాప్స్ పీకొద్దు.

హాలోకోర్ స్లాబుని నడుమ దగ్గర పట్టి ఎత్తొద్దు. లోపలి బలాన్నిచ్చే స్టీలు తీగలు అడుగున ఉంటాయి, చివరలు వేలాడితే పైభాగం పగులుతుంది.

హైడ్రాతో (చెరువుల దగ్గర కూల్చే హైడ్రా కాదు, మన పసుపు క్రేన్ బండి) స్లాబు వేలాడదీసి సైట్ అంతా తిప్పొద్దు.

సిగ్నల్ ఇచ్చేది ఒక్కడే. బిహార్, ఒడిశా కుర్రాళ్లుంటే హిందీలో చెప్పండి, అర్థమైందా అని అడగడం కాదు, తిరిగి చెప్పించండి.

కింది ఫ్లోర్లు ఖాళీ చేయించండి. అన్నీ. విరిగిన స్లాబు ఒక ఫ్లోర్‌తో ఆగదు.

ఈదురుగాలి లేస్తే పని ఆపండి, క్రేన్ లిమిట్ ఎంతో ఆపరేటర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

ప్లంబర్ కోర్ కటింగ్ మెషిన్‌తో వస్తే ఇంజనీర్ మార్క్ చేసిన చోట తప్ప ఒక్క బొక్క కూడా వద్దు, తీగ తెగుతుంది.

గ్రౌట్ పోశారు కదా అని మర్నాడే ఇటుకలు ఎక్కించొద్దు. క్యూబ్ రిజల్ట్ (గ్రౌట్ ఎంత గట్టిపడిందో చెప్పే టెస్ట్) చూపించమనండి. మళ్లీ చెప్తున్నా, అప్పటిదాకా దాని మీద సరుకు దించొద్దు, సిమెంటు బస్తాలు కూడా.

రాత్రి వాన పడితే పొద్దున్నే స్లాబు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు చూడండి. మూసుకుపోతే లోపల గొట్టాల నిండా నీళ్లు నిలిచి బరువు పెరుగుతుంది. అవి తెరిచి నీళ్లు పోయేదాకా కింద ఎవర్నీ పని చేయనివ్వొద్దు.