కాలిఫోర్నియాలో మహిళల బిల్లుకు మద్దతు: ఉత్తరం ఎవరికి రాయాలి, ఎప్పుడు రాయాలి

జడలు అల్లుకున్నారనో, లాక్స్ (పాయలుగా ముడిపడిన జుట్టు) పెంచుకున్నారనో నల్లజాతి మహిళలపై బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అమెరికాలో మొట్టమొదట చట్టం చేసిన రాష్ట్రం కాలిఫోర్నియా. అదే 2019 నాటి ఎస్‌బి (సెనేట్ బిల్లు) 188, క్రౌన్ చట్టం. కాన్పు వేళ ప్రాణాలు కోల్పోయే తల్లుల్లో నల్లజాతివారే ఎక్కువగా ఉంటున్నారని 2021లో ఎస్‌బి 65 తెచ్చారు. ఇలాంటి బిల్లులు తేలేది రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో. చాలామంది పొరపాటున వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ సభ్యులకు ఫోన్ చేస్తారు. రాష్ట్ర బిల్లు మీద వాళ్లకు ఓటు లేదు. మీకు కావలసింది మీ అసెంబ్లీ సభ్యుడు లేదా సభ్యురాలు, మీ రాష్ట్ర సెనేటర్. శాసనసభ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రసు కొడితే ఇద్దరి పేర్లూ వస్తాయి.

ఓటు లేదు కదా అని హెచ్-1బి, హెచ్-4, గ్రీన్ కార్డు మీద ఉన్న తెలుగువాళ్లు వెనక్కి తగ్గనక్కర్లేదు. ఉత్తరం రాయడానికి, కమిటీ ముందు మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. ఎన్నికల విరాళాల సంగతి వేరు. గ్రీన్ కార్డు లేని విదేశీయులు వాటి జోలికి వెళ్లకూడదు.

ముందు బిల్లు చదవండి. శాసనసభ బిల్లులు ఉండే లెజ్‌ఇన్ఫో సైట్‌లో నంబరు కొడితే పాఠం, సవరణలు, ఏ కమిటీలో ఉందో అన్నీ కనిపిస్తాయి. తీసేసిన మాటలు ఎర్రగా కొట్టివేసి ఉంటాయి, చేర్చినవి నీలి ఇటాలిక్‌లో ఉంటాయి. ఫిబ్రవరిలో మీకు నచ్చిన సెక్షన్ ఏప్రిల్‌కల్లా ఎగిరిపోయి ఉండొచ్చు. పాత పాఠాన్ని పట్టుకుని రాసిన ఉత్తరాన్ని సిబ్బంది పక్కన పెట్టేస్తారు.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. పైన బిల్లు నంబరు, రచయిత (బిల్లు ప్రవేశపెట్టిన సభ్యుడు లేదా సభ్యురాలు) పేరు, ‘మద్దతు’ అన్న మాట. మొదటి వాక్యంలోనే మీ ఊరు, జిప్ కోడ్. తర్వాత ఒక్క అనుభవం, ఒక్క కోరిక. ‘కాన్పయ్యాక తల తిరుగుతోందని మా అక్క రెండుసార్లు చెప్పినా బీపీ చూడలేదు. అందుకే ఈ బిల్లుకు అవునని ఓటేయండి’ అంటే చాలు. అక్కడక్కడ పేరు మార్చి పంపిన నమూనా ఉత్తరాలు యాభై వచ్చినా లెక్కలో ఒకటిగానే చూసే ఆఫీసులున్నాయి, కాబట్టి పది మంది ఇరుగుపొరుగుతో రాయించేటప్పుడు నంబరు, గడువు మాత్రం ఇచ్చి అనుభవం ఎవరిది వాళ్లనే రాయమనండి. ఈ ఉత్తరాలు ఎవరైనా చూడగల రికార్డు అవుతాయి. ఆ అక్కను అడగకుండా ఆమె జబ్బు గురించి రాయకండి.

ఉత్తరం కమిటీకి శాసనసభ పోర్టల్ ద్వారా వెళ్లాలి, కాపీ మీ ప్రతినిధికి. బిల్లుపై కమిటీ జరిపే విచారణకు ముందురోజు పంపితే కమిటీ విశ్లేషణలో మద్దతుదారుల జాబితాకు ఎక్కదు. ఒక్కో కమిటీ గడువు ఒక్కోలా ఉంటుంది. వారం ముందే పంపేయడం మంచిది.

విచారణలో సాధారణంగా ఒక్కో పక్షానికి ఇద్దరు ముఖ్య సాక్షులే ఉంటారు, తలా రెండు నిమిషాలు. మద్దతు సాక్షులను ఎంచుకునేది బిల్లు రచయిత ఆఫీసు. చెప్పగల అనుభవం ఉంటే ముందే అక్కడికి ఫోన్ చేయండి. మిగతావాళ్లు మైకు దగ్గర పేరు, ఊరు, ‘మద్దతు’ అని చెప్పి పక్కకు జరగాలి. కథ మొదలుపెడితే కమిటీ అధ్యక్షులు ఆపేస్తారు.

అసలు గండం బిల్లుల ఖర్చు చూసే అప్రోప్రియేషన్స్ కమిటీ. అసెంబ్లీలో లక్షన్నర డాలర్లు దాటే ఖర్చున్న బిల్లు సస్పెన్స్ ఫైల్ అనే, తీర్పు రోజు దాకా ఆపి ఉంచే జాబితాలోకి వెళ్తుంది. క్రౌన్ లాంటి హక్కుల బిల్లుకు ఖర్చు తక్కువ. తల్లుల వైద్యానికి కొత్త సేవలు అడిగే బిల్లుకే ఇక్కడ ప్రమాదం ఎక్కువ. మేలో, ఆగస్టులో ఒక్క రోజున వందల బిల్లుల తీర్పు చదివేస్తారు, ఆ రోజు ఎవరి మాటా వినరు. అందుకే ఆ తేదీకి రెండు వారాల ముందు నుంచి ఆ కమిటీ సభ్యుల ఆఫీసులకు ఫోన్లు వెళ్లాలి. వాళ్ల నియోజకవర్గంలో మీ బంధువులుంటే వాళ్లచేత చేయించండి.

తెలుగు సంఘం 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ, అయినా పరిమితంగా బిల్లుకు మద్దతు పలకవచ్చు. అభ్యర్థికి మాత్రం పలకకూడదు.

రెండు సభలూ దాటితే మిగిలేది గవర్నర్ సంతకం. మామూలుగా 12 రోజులు, సమావేశాల చివర్లో వచ్చినవాటికి 30 రోజులు గడువు. ఉత్తరం ఈసారి గవర్నర్ పేరు మీద, ‘సంతకం చేయండి’ అన్న కోరికతో మళ్లీ పంపాలి.