పైథాన్‌లో ఎప్పుడూ వరసలో ఉండే లిస్టు కావాలంటే

మిర్యాలగూడ వడ్ల ధరలు, బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ ధరలు చూపించే యాప్ రాస్తున్నారనుకోండి. కొత్త లాట్ (ఒకేసారి అమ్మే సరుకు కుప్ప) ధర రాగానే లిస్టు చివర అపెండ్ చేసి మళ్లీ సార్ట్ కొట్టడం అందరికీ తోచే పద్ధతి. వంద లాట్లకు ఫరవాలేదు, లక్షల్లోకి పోయాక మాత్రం ఒక్క ధర కోసం ప్రతిసారీ మొత్తం లిస్టును తిరగేయాల్సి వస్తుంది, యాప్ ఈడ్చుకుంటూ నడుస్తుంది.

బయటి లైబ్రరీ వెతికే ముందు పైథాన్‌తోనే వచ్చేవి చూడండి. ముందొచ్చిన లాట్ ముందు పోవాలంటే డెక్ (deque) చాలు. అన్నిటికన్నా తక్కువ ధర ఒక్కటే కావాలంటే హీప్‌క్యూ (heapq). బైసెక్ట్ (bisect) కూడా ఉంది కానీ అది చోటును త్వరగా వెతుకుతుందే తప్ప, అక్కడ ధర ఇరికించాలంటే వెనకున్నవన్నీ జరగాల్సిందే.

ధరలు వస్తూ పోతూ ఉండాలి, మధ్య ధర కావాలి, 2200 నుంచి 2300 దాకా ఉన్న లాట్లు కూడా కావాలి అంటే అప్పుడు సార్టెడ్‌కంటెయినర్స్ (sortedcontainers) అనే బయటి లైబ్రరీ పెట్టుకోండి, నాకైతే ఈ పనికి ఇంతకన్నా మంచిది కనిపించలేదు. పూర్తిగా పైథాన్‌లోనే రాశారు కాబట్టి పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తే చాలు, సీ కంపైలర్ టెన్షన్ లేదు. లోపల చెట్టులా కొమ్మలేసే అమరిక (ట్రీ) ఉండదు, మామూలుగా వెయ్యి చొప్పున లెక్కేసుకుని పెట్టుకున్న చిన్న చిన్న లిస్టులు ఉంటాయి, కొత్త ధర వస్తే అందులో ఒక్క లిస్టే కదులుతుంది.

ఇందులోని సార్టెడ్‌లిస్ట్‌లో అపెండ్ పనిచేయదు, యాడ్ వాడాలి. కీల వరసలో ఉండే డిక్షనరీ అయిన సార్టెడ్‌డిక్ట్‌లో ధరనే కీగా పెట్టకండి, ఒకే ధరకు రెండు లాట్లు వస్తే మొదటిది పోతుంది. సార్టెడ్‌లిస్ట్‌లోనే ధర, లాట్ నంబరు కలిపి టపుల్‌గా (మార్చలేని జతగా) వేయండి. ఇక మధ్య ధరకు పొడవులో సగం దగ్గరున్న ఇండెక్స్ తీసుకోవడమే. రెండు ధరల మధ్య ఉన్నవి వెతకడానికి ఐరేంజ్ (irange) ఉంది, కానీ పై హద్దుగా 2300 ఒక్కటే ఉన్న టపుల్ ఇస్తే సరిగ్గా 2300 పలికిన లాట్లు రావు. ధరలు పూర్ణాంకాలైతే 2301 ఒక్కటే ఉన్న టపుల్ ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, టపుల్‌కు బదులు మీ సొంత ఆబ్జెక్టులు వేసి, లోపల ఉండగానే ధర మార్చారంటే వరస చెడిపోతుంది, ఎర్రర్ కూడా రాకుండా తప్పు జవాబులు వస్తాయి. ముందు రిమూవ్ చేయండి, ధర మార్చండి, మళ్లీ యాడ్ చేయండి.