చందువా వేపుడు శుద్ధభోజనమేనా?

మా కతోలికులకు తపస్సుకాలం, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు, విభూది బుధవారంతో మొదలవుతుంది. దానికి ముందు ఆదివారం మా ఇంట్లో మొదటి పని క్రీస్తు పటం వెనక చేయి పెట్టి వెతకడం. నిరుడు మట్టల ఆదివారం, అంటే ఈస్టర్‌కు ముందు ఆదివారం, తెచ్చిన కొబ్బరాకు అక్కడే ఎండిపోయి, ముట్టుకుంటే చిట్లుతూ ఉంటుంది. దాన్ని దివ్యబలిపూజకు వెళ్లేటప్పుడు తీసుకువెళ్లి చర్చిలో ఇచ్చేయాలి. అలా వచ్చిన మట్టలను కాల్చిన బూడిదనే బుధవారం మన నుదుట పెడతారు. కాబట్టి సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఆ ఆకును చెత్తలో పారేయకండి.

తపస్సుకాలం మొదటిసారి పాటించేవారికి ఇది రాస్తున్నాను. నరసాపురం పక్కన ఒక పల్లెలో ముప్పై ఏళ్లుగా వంటగది నాదే, అందుకని తిండి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

నియమం చిన్నదే. విభూది బుధవారం, తపస్సుకాలపు శుక్రవారాలన్నీ, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) శుద్ధభోజనం, అంటే మాంసం ముట్టకూడదు. ఇది 14 ఏళ్లు నిండినవారికి. మొదటి బుధవారం, పవిత్ర శుక్రవారం మాత్రం ఒక్కపొద్దు కూడా ఉంటుంది. అది 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. ఒక పూట కడుపునిండా తినవచ్చు. మిగతా రెండు పూటలూ కొద్దికొద్దిగా, రెండూ కలిపినా ఒక భోజనం కాకుండా చూసుకోవాలి. రోగులు, గర్భిణులు, బాలింతలు ఉండనక్కరలేదు. పెళ్లయిన కొత్తలో నేను పౌరుషానికి పోయి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి, సాయంత్రం విభూది పెట్టించుకునే వరుసలోనే కళ్లు తిరిగి పడిపోయాను. "నీళ్లు మానమని ఎవరు చెప్పారమ్మా?" అని ఫాదర్ గారు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇక చేపలు, రొయ్యలు, గుడ్లు, పాలు నిషేధం కాదు. మన డెల్టావాళ్లకు చిక్కంతా ఇక్కడే. కోడిని మానేశామని చెప్పి శుక్రవారం చందువా వేపుడు, చింతచిగురు ఎండురొయ్యలు వండుకుంటే నియమం తప్పినట్టు కాదు. కానీ అందులో తపస్సు ఎక్కడుంది? మా ఆయనకు రొయ్యల చెరువు ఉంది, పట్టుబడి శుక్రవారం పడితే ఇంటికి బుట్ట రావడం మామూలే. అయినా ఆ రోజు మా ఇంట్లో తోటకూర పులుసు, మజ్జిగ, అంతే. మామిడికాయ పప్పు కూడా వండను. అది వండితే అందరూ రెండు ముద్దలు ఎక్కువ తింటారు.

మానినది ఎవరికో చేరాలి కదా, దానికి మా అత్తగారి పద్ధతి గుప్పెడు బియ్యం. బియ్యం ముందు కొలిచి తపేలాలో పోయాలి, తరువాత అందులోంచి గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. మొదటి ఏడాది నేను బస్తాలోంచే నేరుగా తీసి వేస్తుంటే ఆవిడ చూసి, "అది మన కంచంలోది కాదమ్మా, గాదెలోది" అన్నారు. నిజమే, ఆ పూట ఎవరికీ ఒక్క మెతుకు తగ్గలేదు. రోజుకు రెండు గుప్పెళ్లు వేస్తే పండుగనాటికి నాలుగు కిలోల దాకా అవుతాయి. ఎవరికి ఇచ్చామో ఊళ్లో చెప్పుకోకూడదు.

తపస్సుకాలం నలభై రోజులంటారు, ఆ లెక్క చాలామందికి కుదరదు. బుధవారం నుంచి పండుగ ముందు శనివారం దాకా 46 రోజులు. ఆదివారాలు ఆరూ తీసేస్తే 40. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న, పాస్కా పండుగ (ఈస్టర్) మార్చి 28న వస్తాయి. శుక్రవారం నాడు మహోత్సవం, అంటే మా సభలో అన్నిటికన్నా పెద్ద తరగతి పండుగ, పడితే శుద్ధభోజనం అక్కరలేదు. 2022లో మరియమ్మకు దూత శుభవార్త చెప్పిన పండుగ, మార్చి 25, అలాగే పడింది. గౌరీపట్నంలోని మరియమ్మ క్షేత్రం నిర్మలగిరికి వెళ్లిన మాకు ఆ సంగతి గుర్తులేక దారిలో ఇడ్లీలతో సరిపెట్టుకున్నాం.

శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి, అంటే యేసు సిలువ మోసిన దారిని తలచుకునే ప్రార్థనకు, వెళ్లండి. పద్నాలుగు స్థలాలు, ప్రతిచోటా మోకరించి లేవాలి. మోకాళ్ల నొప్పులవాళ్లు కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నా మనసు ఎప్పుడూ అయిదో స్థలం దగ్గరే ఆగుతుంది. అక్కడ యేసు సిలువను మోసిన సీమోను దాన్ని కోరి మోయలేదు. పొలం నుంచి వస్తున్న మనిషిని పట్టుకుని మోయించారు. మంచం పట్టిన అత్తగారికి చేసిన రెండేళ్లూ నేను ఆ సీమోనునే.

పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చివరి వారం దాకా వాయిదా వేయకండి, అప్పుడు వరుస గుమ్మం దాటి ఉంటుంది.

పవిత్ర శుక్రవారం ఎక్కడా దివ్యబలిపూజ ఉండదు. మధ్యాహ్నం యేసు శ్రమల చరిత్ర చదువుతారు, సిలువను ఆరాధిస్తారు, ముందురోజు పూజలో ఉంచిన దివ్యసత్ప్రసాదం (పవిత్ర అప్పం) ఇస్తారు. చదివినంతసేపూ నిలబడాలి, ఎండ మండుతూ ఉంటుంది, పైగా ఒక్కపొద్దు. సంచిలో నీళ్ల సీసా పెట్టుకోండి.